మూడు ఫ్రీలాన్స్ సైట్లు వాడి చూశాను: డబ్బు భద్రమే, మరి ప్రాజెక్టు?

నేను లెక్కల టీచర్ని. కోడ్ రాయడం రాదు. పిల్లలకు భిన్నాలు నేర్పే చిన్న యాప్ ఒకటి చేయించుకోవాలనుకున్నప్పుడు నాకు ముగ్గురు కావలసి వచ్చారు: యాప్ రాసే డెవలపర్, బొమ్మలు వేసే ఆర్టిస్టు, పాఠాలు చదివి వినిపించే గొంతు. అందరినీ ఆన్‌లైన్‌లోనే వెతుక్కున్నాను. ఆ క్రమంలో అప్‌వర్క్, ఫైవర్, ఫ్రీలాన్సర్ డాట్ కామ్ మూడూ వాడాను. ఏ సైట్‌లో మంచి పనివాళ్లు దొరుకుతారన్నదాని మీద నెట్‌లో కావలసినన్ని రివ్యూలు ఉన్నాయి. నేను చూసింది వేరే సంగతి. పని మధ్యలో చెడితే నా చేతిలో ఏం మిగులుతుంది? ఈ రివ్యూ అంతా దాని గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు విషయంలో మూడు సైట్ల ఏర్పాట్లూ బాగానే ఉన్నాయి. ప్రాజెక్టు బాధ్యత మాత్రం ఏ సైటూ నెత్తిన వేసుకోదు. కోడ్ ఎవరి అకౌంట్‌లో ఉంది, బొమ్మ మీద హక్కు ఎవరిది, స్టోర్‌లో యాప్ ఎవరి పేరు మీద ఉంది, ఇవి చూసుకోవాల్సింది మనమే. చాలామంది క్లయింట్లు ఎస్క్రో (డబ్బును సైట్ మధ్యలో పట్టి ఉంచే ఏర్పాటు) ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. అక్కడే చిక్కు.

ముందు ఆ ఎస్క్రో సంగతే చూద్దాం. పద్ధతి మూడింటిలోనూ దాదాపు ఒకటే: పని మొదలు కాకముందే క్లయింట్ డబ్బు సైట్ దగ్గర జమ చేయాలి, పని చేతికొచ్చాక అది ఫ్రీలాన్సర్‌కు వెళ్తుంది. తేడా అంతా ఎప్పుడు వెళ్తుందన్నదాంట్లో ఉంది. అప్‌వర్క్‌లో ఫిక్స్‌డ్ ధర పనికి ఫ్రీలాన్సర్ సబ్మిట్ నొక్కిన దగ్గర్నుంచి మనకు 14 రోజులు. ఆలోగా ఒప్పుకోవాలి, లేదంటే మార్పులు అడగాలి. రెండూ చేయకపోతే డబ్బు దానంతటదే విడుదలైపోతుంది. ఫైవర్‌లో ఆ గడువు 3 రోజులే. డెలివరీ వచ్చాక 3 రోజులు మనం పలకకపోతే ఆర్డర్ పూర్తయినట్టే లెక్క. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో మైల్‌స్టోన్ (పనిని విడగొట్టిన ఒక్కో దశ) డబ్బు మనం విడుదల చేస్తేనే కదులుతుంది, కానీ అవతలివాళ్లు డిస్ప్యూట్ (సైట్ దగ్గర తగవు) వేస్తే గడువులోగా మనం జవాబివ్వాలి, ఇవ్వకపోతే కేసు వాళ్లదే.

నాకు ఫైవర్ పెట్టిన 3 రోజులు మరీ తక్కువనిపించింది. ఒక లోగోకు చాలు. ముప్ఫై బొమ్మలు ఒక్కొక్కటీ తెరిచి, యాప్‌లో పెట్టి చూడాలంటే చాలదు. అందుకే పెద్ద పని అక్కడ ఇవ్వాల్సి వస్తే చిన్న చిన్న ఆర్డర్లుగా విడగొట్టి ఇస్తాను. డెలివరీ వచ్చిన రోజే పైపైన చూసి, ఏ చిన్న లోపం కనిపించినా రివిజన్ అడిగేస్తాను. మొహమాటానికి పోతే గడువు ఆగదు.

డెవలపర్‌తో మొదటి తగవు కూడా గడువు నడుస్తుండగానే వచ్చింది. ఏ సైట్‌లో అన్నది అనవసరం, ఎక్కడైనా జరిగేదే. ఒక మైల్‌స్టోన్ సబ్మిట్ చేసి, అంతా అయిపోయింది, అప్రూవ్ చేసేయండి అని మెసేజ్ పెట్టాడు. యాప్ తెరిచాను. రంగులు బాగున్నాయి, అంకెలు పెద్దగా కనిపిస్తున్నాయి. జవాబు 1/2 రావలసిన చోట 2/4 అని కొట్టాను. తెర ఎర్రబడి తప్పు అని చూపించింది. 3/6 కొట్టాను. అదీ తప్పే. భిన్నాలు నేర్పాల్సిన యాప్ 2/4 వేరు, 1/2 వేరు అని పిల్లలకు చెబుతోందన్నమాట! అడిగితే, జవాబు కనిష్ఠ రూపంలోనే రాయాలి కదా, టీచర్లు అలాగే అడుగుతారు కదా అన్నాడు. ఆ మాటలో అసలు పస లేదని అనను, దానికి మార్కులు కోసే టీచర్లు ఉన్నారు. కానీ మైల్‌స్టోన్ వివరణలో నేను రాసిన వాక్యం ఇది: "జవాబు 1/2 అయితే 2/4, 3/6 లాంటి సమాన భిన్నాలన్నిటినీ ఒప్పుగా చూపాలి, ఆ తర్వాత కనిష్ఠ రూపం రాయమని అడగాలి." దాన్నే కాపీ చేసి జవాబుగా పెట్టి మార్పులు కావాలన్న బటన్ నొక్కాను. సరిచేసి పంపాడు. అదనంగా డబ్బు మాట ఎత్తలేదు.

ఆ వాక్యమే లేకపోతే నేను ఎంత వాదించినా ఉపయోగం ఉండేది కాదు. సైట్ తరఫున తగవు తీర్చే మనిషికి భిన్నాలతో పనిలేదు. పని బాగుందా లేదా అన్నది అతను తేల్చలేడు, రాసుకున్నది జరిగిందా లేదా అన్నది మాత్రం చూడగలడు. అందుకని మైల్‌స్టోన్‌లో నేను రాసే ప్రతి వాక్యం ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్ చేత్తో పట్టుకుని నొక్కి చూసి అవునో కాదో చెప్పగలిగేలా ఉంటుంది. 'యాప్ వేగంగా పనిచేయాలి' అని రాస్తే అది గాలి మాట. 'ఇంటర్నెట్ ఆపేసినా మొదటి పాఠం తెరుచుకోవాలి' అని రాస్తే పరీక్ష.

ఇంకో సంగతి. మొదటి మైల్‌స్టోన్ ఎప్పుడూ బుల్లిది పెట్టండి. ఒక్క తెర, ఒక్క లెక్క, ఒక్క బటన్, అంతే. మనిషి తీరు దాంట్లోనే తెలిసిపోతుంది: ప్రశ్నలు అడుగుతాడా, ఆలస్యమైతే ముందే చెబుతాడా, చెప్పింది చదువుతాడా. నచ్చకపోతే అక్కడితో ఆపేయొచ్చు, పోయేది కొద్ది డబ్బే. ప్రాజెక్టు మొత్తానికి ఒకటే మైల్‌స్టోన్ పెట్టి, సగం డబ్బు అడ్వాన్సుగా విడుదల చేయమని అడిగేవాళ్లతో నేను ముందుకు వెళ్లను. జమ అయిన డబ్బు సైట్ దగ్గర కళ్లెదుట కనిపిస్తూనే ఉంటుంది కదా, ఇక అడ్వాన్సు దేనికి?

గంటల లెక్కన పని ఇవ్వడం వేరే వ్యవహారం. పాత ఈలాన్స్, ఓడెస్క్ సైట్లు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అన్న పేరు పెట్టుకున్నాయి. ఓడెస్క్ రోజుల నుంచీ వస్తున్న వర్క్ డైరీ ఇప్పటికీ అప్‌వర్క్‌లో ఉంది. ఫ్రీలాన్సర్ టైమర్ నడిపినంతసేపూ ప్రతి 10 నిమిషాలకూ ఏదో ఒక క్షణాన అతని స్క్రీన్ ఫొటో పడుతుంది, కీబోర్డు, మౌస్ ఎంత కదిలాయో కూడా నమోదవుతుంది. చూడగానే క్లయింట్‌కు ఇంతకన్నా రక్షణ ఏం కావాలనిపిస్తుంది. నిదానంగా చదివితే ఇది ఎక్కువగా కాపాడేది ఫ్రీలాన్సర్‌ని. నియమాల ప్రకారం డైరీలో పడ్డ గంటలకు అతనికి డబ్బు గ్యారంటీ. మనం అభ్యంతరం చెప్పగలిగేది ఆ గంటల్లో వేరే పని చేశాడని మాత్రమే, పని బాగా రాలేదని కాదు. అది కూడా వారం ముగిశాక, తర్వాతి శుక్రవారం లోపే చెప్పాలి. వారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. అందుకని గంటల కాంట్రాక్టులో నేను చేసేవి రెండు: వారానికి గంటల పరిమితి తక్కువగా పెట్టడం, టైమర్ లేకుండా చేత్తో గంటలు రాసుకునే వీలు తీసేయడం. బగ్ ఎక్కడుందో తెలియని పనికి, ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేని పనికి గంటల లెక్కే న్యాయం. మొత్తం యాప్‌కు మాత్రం వద్దు.

తగవు ముదిరితే ఏమవుతుంది? అప్‌వర్క్‌లో విడుదలైన డబ్బు వెనక్కి కావాలంటే 30 రోజుల్లోగా అడగాలి. మొదట మధ్యవర్తిత్వం ఉంటుంది, అక్కడ సైట్ మనిషి చెప్పింది వినాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే ఇద్దరూ కట్టుబడాల్సిన తీర్పు, దానికి ఫీజు కట్టాలి. చిన్న ప్రాజెక్టుకు అంతదూరం వెళ్లడం దండగ అని ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎక్కువ తగవులు బేరంతోనే తెగుతాయి. 2009లో సిడ్నీలో మొదలైన ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో డిస్ప్యూట్ మెట్లు మెట్లుగా సాగుతుంది: సమస్య చెప్పడం, బేరమాడుకోవడం, ఆఖరి మాట, ఆధారాలు, అప్పటికీ తెగకపోతే సైట్ తీర్పు. ఆ తీర్పు కోసం కట్టే ఫీజు గెలిచినవాళ్లకు వెనక్కి వస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు ఫ్రీలాన్సర్ డాట్ కామ్ పద్ధతే మెరుగనిపించింది. న్యాయం మన పక్కనుంటే ఫీజు గురించి బెంగ అక్కర్లేదు.

ఎక్కడైనా సరే, సైట్ చూసేది సైట్‌లో జరిగిన చాట్‌ను, సైట్ ద్వారా వచ్చిన ఫైళ్లను. వీడియో కాల్‌లో డెవలపర్ నోటితో ఒప్పుకున్న పది మాటలు అక్కడ చెల్లవు. కాల్ అయిపోయిన వెంటనే "ఇప్పుడు అనుకున్నవి ఇవి, తేడా ఉంటే చెప్పండి" అని నాలుగు ముక్కలు చాట్‌లో పెట్టడం నాకు అలవాటైపోయింది. అవతలివాళ్లకు కూడా ఇది మంచిదే. నేనే మాట మారిస్తే నన్ను పట్టుకోవచ్చు.

సైట్ ఫీజు ఎందుకు దండగ, మెసేజింగ్ యాప్‌లోకి వచ్చేయండి, నేరుగా డబ్బు పంపేయండి, తగ్గించి చేస్తాను అనేవాళ్లు తగులుతూనే ఉంటారు. ఎస్క్రో, డిస్ప్యూట్, చాట్ రికార్డు మూడూ ఆ క్షణంలోనే పోతాయి. పైగా అప్‌వర్క్ నిబంధనల్లో, అక్కడ పరిచయమైన మనిషితో 2 సంవత్సరాల పాటు సైట్ ద్వారానే లావాదేవీ జరపాలని ఉంది, బయటికి వెళ్లాలంటే సైట్‌కు విడిగా రుసుము కట్టాలి. ఫీజులు నాకూ చేదే. కానీ మొదటి పనిలోనే నియమం దాటుదామని అడిగిన మనిషి నా పనిలో మాత్రం నియమంగా ఉంటాడని ఏం నమ్మకం?

ఇక అసలు సంగతికి వద్దాం, సైట్లు పట్టించుకోని భాగం.

డెవలపర్‌ను తీసుకోకముందే నేను నాలుగు అకౌంట్లు నా ఈమెయిల్ మీద, నా ఫోన్ నంబరుతో తెరిచాను: డొమైన్ (నెట్‌లో చిరునామా), హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు), గిట్‌హబ్ (కోడ్ దాచుకునే చోటు), ప్లే కన్సోల్ (గూగుల్ స్టోర్‌లో యాప్ పెట్టే అకౌంట్). కోడ్ రానివాళ్లకు గిట్‌హబ్ అంటే బెదురుంటుంది, నాకూ ఉండేది. నిజానికి అక్కడ మనం చేయాల్సింది ఒక ప్రైవేట్ రిపాజిటరీ (కోడ్ పెట్టుకునే సొంత అర) తెరిచి, డెవలపర్‌ను కొలాబరేటర్‌గా (అందులో పనిచేసే మనిషిగా) చేర్చడం, అంతే. కోడ్ చదవడం రాకపోయినా, చివరిసారి ఎప్పుడు మార్పు చేరిందో ఆ పేజీ మీదే కనిపిస్తుంది. పని చేసిన రోజు కోడ్ అక్కడ చేరాలని కాంట్రాక్టులోనే రాశాను. డెవలపర్ రేపు మాయమైతే ఇవాళ్టి దాకా చేసింది నా దగ్గరే ఉంటుంది, వేరే మనిషి అందుకుంటాడు. పూర్తయ్యాక జిప్ ఫైలు పంపుతాను అనేవాళ్లతో వచ్చే ఇబ్బంది ఇదే: పూర్తవకపోతే ఏమీ పంపరు.

యాప్‌ను స్టోర్‌లో పెట్టే దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. 2023 నవంబర్ తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే కన్సోల్ అకౌంట్లకు గూగుల్ ఒక షరతు పెట్టింది. యాప్ అందరికీ విడుదల చేసేముందు కొంతమంది టెస్టర్లు వరసగా 14 రోజులు దాన్ని ఉంచుకుని చూడాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కి తగ్గించారు. నా అకౌంట్ కొత్తది కాబట్టి ఆ షరతు నాకు తగిలింది. వెంటనే డెవలపర్ నుంచి సలహా వచ్చింది: నా పాత అకౌంట్‌లో పెట్టేస్తాను, రేపే స్టోర్‌లో ఉంటుంది, తర్వాత మీ పేరు మీదికి మార్చుకోవచ్చు. అతనికి దురుద్దేశం ఉందని నేను అనుకోను, నిజంగానే తొందరగా అయ్యేది. కానీ యాప్ ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు మారాలంటే కోరాల్సింది అది ఉన్న అకౌంట్ యజమాని. అంటే నా యాప్ నాకు రావాలంటే అతను కరుణించాలి, లేదా కనీసం నా మెసేజ్‌కు జవాబివ్వాలి. వద్దని చెప్పి, తోటి టీచర్లను, వాళ్ల ఇళ్లలోవాళ్లను టెస్టర్లుగా చేర్చాను. ఆలస్యమైంది. అయితే ఏం, వాళ్లు పట్టిన తప్పులు నేను పట్టినవాటికన్నా ఎక్కువ.

ఆండ్రాయిడ్ యాప్ మీద సంతకం చేసే కీ ఒకటుంటుంది. పూర్వం అది పోతే ఆ యాప్‌కు ఇక అప్‌డేట్ ఇచ్చే దారే లేదు, కొత్త యాప్‌గా మళ్లీ మొదలుపెట్టాల్సిందే. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు ఆ అసలు కీ గూగుల్ దగ్గరే ఉంటోంది. డెవలపర్ చేతిలో ఉండేది అప్‌లోడ్ కీ మాత్రమే, అది పోయినా అకౌంట్ యజమాని కొత్తది పెట్టించుకోవచ్చు. చూశారా, ఇక్కడ కూడా మాట చెల్లేది అకౌంట్ యజమానిదే.

డొమైన్ సంగతి పొట్టిగా చెబుతాను. అది మీ పేరు మీద కొనండి, డెవలపర్ కొని పెడతానంటే వద్దనండి. ఇంటి పత్రాలు మేస్త్రీ పేరు మీద రాయించం కదా.

పాస్‌వర్డులు చాట్‌లో పంపకూడదు, డెవలపర్‌కు విడిగా అతని ఈమెయిల్ మీదే అనుమతి ఇవ్వాలి. ఇలాంటి అకౌంట్లు చాలావాటిలో ఆ వీలుంది, కొన్నిటిలో ఎంతవరకు అనుమతి అన్నది కూడా మనమే ఎంచుకోవచ్చు. పని ముగిసిన రోజు ఒక్కొక్క పేరూ తీసేయడం, ఏ సేవకైనా కీలు (యాప్ వాడే రహస్య సంకేతాలు) ఇచ్చి ఉంటే వాటిని మార్చేయడం మర్చిపోవద్దు. ఇందులో ఒక మెలిక ఉంది. రహస్య కీ ఉన్న ఫైలు ఒకసారి గిట్‌లోకి (గిట్‌హబ్‌లో ప్రతి మార్పునూ దాచే పద్ధతిలోకి) చేరితే, తర్వాత దాన్ని తీసేసినా పాత చరిత్రలో అలాగే కూర్చుంటుంది. తీసేశాను అని డెవలపర్ నిజాయితీగా చెప్పినా సరిపోదు, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఇక అసలు పిల్లల పేర్లు, మార్కులు డెవలపర్‌కు ఎప్పుడూ ఇవ్వలేదు. పరీక్షకు కల్పిత పేర్లు చాలు.

నేను చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది ఇది. ఆఖరి మైల్‌స్టోన్ విడుదల చేసేముందు, ఈ ప్రాజెక్టుతో సంబంధం లేని ఇంకో డెవలపర్‌ను ఒక గంట కోసం తీసుకున్నాను. అతనికి ఇచ్చిన పని ఒక్కటే: మీ కంప్యూటర్లోకి ఈ కోడ్ దింపుకుని, నడిపే విధానం ఉండే రీడ్‌మీ ఫైల్లో రాసినట్టు చేసి, యాప్ నడుస్తుందేమో చెప్పండి. నడవలేదు. సెట్టింగుల ఫైలు ఒకటి మొదటి డెవలపర్ కంప్యూటర్లో ఉండిపోయింది, గిట్‌లో చేరనే లేదు. రీడ్‌మీలో దాని ప్రస్తావనే లేదు. డబ్బు ఇంకా సైట్ దగ్గరే ఉంది కాబట్టి చాట్‌లో ఒక్క మెసేజ్‌తో పని జరిగిపోయింది, కీలు తీసేసిన నమూనా ఫైలు, దాన్ని నింపే విధానం రెండూ చేరాయి. అదే విషయం డబ్బు విడుదలయ్యాక, ఏడాది తర్వాత బయటపడి ఉంటే ఎవర్ని అడగాలి? కోడ్ చదవడం రాని క్లయింట్‌కు ఇంతకన్నా చవకైన బీమా లేదు.

బొమ్మల దగ్గరికి వస్తే తగవు ఎక్కువగా హక్కు గురించి. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో, అంటే దాదాపు అన్నిచోట్లా, బొమ్మ వేసిన క్షణంలోనే కాపీరైట్ వేసినవాళ్లకు పుడుతుంది, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఉద్యోగి చేసిన పని సాధారణంగా సంస్థది అవుతుంది. ఫ్రీలాన్సర్ చేసింది చాలాచోట్ల అలా కాదు, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే మనది. డబ్బిచ్చాం కాబట్టి మనదే అనుకోవడానికి లేదు. అప్‌వర్క్‌లో ఇద్దరూ వేరే ఒప్పందం రాసుకోకపోతే వర్తించే సర్వీస్ నిబంధనలున్నాయి. వాటి ప్రకారం పూర్తి డబ్బు అందాక పని హక్కు క్లయింట్‌కు వస్తుంది. 'పూర్తి డబ్బు అందాక' అన్నది గట్టిగా చదవండి. డబ్బు ఆగిన మైల్‌స్టోన్‌లోని కోడ్‌ను మనం వాడుకోకూడదన్నమాట. ఇది న్యాయమే. ఫ్రీలాన్సర్ డాట్ కామ్‌లో రహస్య ఒప్పందం (పని వివరాలు బయటపెట్టనన్న ఒప్పందం), హక్కుల ఒప్పందం ప్రాజెక్టు పెట్టేటప్పుడు విడిగా ఎంచుకునే సదుపాయాలు.

ఫైవర్ 2010లో ఐదు డాలర్ల చిన్న పనులతో మొదలైంది, పేరే అక్కడి నుంచి వచ్చింది. ఇప్పుడు ధరలు మారిపోయినా ఆ పేకేజీ స్వభావం పోలేదు. గిగ్ (అమ్మకానికి పెట్టిన ఒక్కో పని) పేజీలో ఏది ఉందో అదే వస్తుంది, మిగతావన్నీ పక్కన చిన్న టిక్ పెట్టెల్లో అదనపు కొనుగోళ్లుగా ఉంటాయి. సోర్స్ ఫైల్ చాలా గిగ్‌లలో అలాంటి అదనమే. పొరలు విడివిడిగా ఉండే ఆ ఫైలు లేకపోతే తర్వాత బొమ్మలో టోపీ రంగు మార్చాలన్నా మళ్లీ ఆ ఆర్టిస్టు దగ్గరికే పోవాలి. గొంతుకయితే ఇంకా ముఖ్యం: ఫైవర్ నిబంధనల ప్రకారం వాయిస్ ఓవర్ మామూలుగా సొంత వాడకానికే, అమ్మే యాప్‌లో పెట్టాలంటే కమర్షియల్ హక్కులు అదనంగా కొనాలి. ఆర్డర్ పెట్టే పేజీలో ఆ టిక్ ఉందో లేదో చూసి మరీ కొన్నాను. మొత్తం బిల్లు మొదట కనిపించిన ధరకన్నా బాగా పెరిగింది, పైన కొనేవాళ్ల మీద సైట్ వేసే సర్వీస్ ఫీజు ఒకటి. గిగ్‌ల ధరలు పోల్చి చూసేటప్పుడు ఇవన్నీ కలిపి పోల్చాలి.

ఉడుత కథ కూడా చెప్పాలి. ఇదీ ఏ సైట్ అన్నది చెప్పను. యాప్‌లో పిల్లలతో మాట్లాడే ఉడుత బొమ్మ కావాలన్నాను. రెండో రోజుకే అద్భుతమైన బొమ్మ వచ్చింది, ఎర్ర టోపీ, బుగ్గల నిండా గింజలు. అంత తొందరగా రావడమే నాకు తేడాగా అనిపించింది. బొమ్మను ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూశాను. ఒక స్టాక్ బొమ్మల (ముందే వేసిపెట్టి అమ్మే బొమ్మల) సైట్‌లో అదే ఉడుత టోపీ లేకుండా కూర్చుని ఉంది! తోక మీది మూడు గీతలు కూడా అవే, మధ్య గీత కొద్దిగా వంకర, రెండింట్లోనూ. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి స్క్రీన్‌షాట్ తీసి ఆర్డర్ చాట్‌లో పెట్టాను. స్ఫూర్తి పొందాను అని ఒక జవాబు వచ్చింది. ఇంకో మెసేజ్ రాయకుండా సైట్‌లో క్యాన్సిలేషన్ వేశాను, డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చింది. ఆ ఉడుతే యాప్‌లో చేరి ఉంటే రేపు స్టాక్ సైట్ వాళ్లు పట్టుకునేది ఆర్టిస్టును కాదు, నన్ను. తర్వాత పెట్టిన ప్రతి ఆర్డర్‌లోనూ మూడు మాటలు రాస్తున్నాను: మొదట పెన్సిల్ స్కెచ్ చూపాలి, స్టాక్ బొమ్మలు వాడకూడదు, ఏఐతో చేయిస్తే ముందే చెప్పాలి. ఈ చివరిది ఎందుకంటే, మనిషి సృజన లేకుండా ఏఐ మాత్రమే చేసినదానికి అమెరికా కాపీరైట్ ఆఫీసు రక్షణ ఇవ్వడం లేదు. అలాంటి బొమ్మను రేపు ఎవరైనా ఎత్తుకుపోతే నేను నాది అని గట్టిగా అడగలేను.

రహస్య ఒప్పందాల మీద నాకు పెద్ద ఆశ లేదు. అడిగితే అందరూ సంతకం చేస్తారు. వేరే దేశంలో ఉన్న మనిషి మీద దాన్ని అమలు చేయించాలంటే అయ్యే ఖర్చు నా యాప్ ఖరీదుకన్నా ఎక్కువ. ఆలోచనకు కాపీరైట్ ఎలాగూ లేదు. ఎవరికి ఎంత అవసరమో అంతే చూపించడం మేలు. ఆర్టిస్టుకు కోడ్ అక్కర్లేదు, గొంతిచ్చే మనిషికి తెరల నమూనాలు అక్కర్లేదు.

ఎవరిని ఎంచుకోవాలన్నదాని మీద ఒక్క చిట్కా మాత్రం. ప్రాజెక్టు ఎక్కడ పోస్ట్ చేసినా మన పోస్ట్ చదవకుండానే పంపిన దరఖాస్తులు కుప్పలుగా వస్తాయి. పోస్ట్ చివర్లో ఎక్కడో "మీ జవాబు మొదటి వాక్యంలో 3/6కి సమానమైన ఇంకో భిన్నం రాయండి" అని ఒక మాట పెట్టాను. రాయనివాళ్లను తెరవకుండానే పక్కన పెట్టేశాను. కుప్ప చిన్నదైపోయింది. మిగిలినవాళ్లలో ఒకరు 1/2 కాకుండా 50/100 అని రాశారు. ఆ డెవలపర్‌నే తీసుకున్నాను, 2/4 తగవు వచ్చింది కూడా ఆయనతోనే అంటే నవ్వుకోండి.

ఇప్పుడు నన్నడిగితే, కోడ్ పనికి అప్‌వర్క్ ఫిక్స్‌డ్ మైల్‌స్టోన్లు: చూసుకోవడానికి 14 రోజులుంటాయి, హక్కుల బదిలీ నిబంధనల్లోనే ఉంది. గొంతు, విడి బొమ్మల లాంటి చిన్న పనులకు ఫైవర్, అదనపు పెట్టెలన్నీ చదివి, డెలివరీ రోజున తీరిక ఉండేలా చూసుకుని. ధర గురించి ఎక్కువ పట్టింపు ఉన్నవాళ్లు, డబ్బు తమ చేత్తోనే విడుదల కావాలనుకునేవాళ్లు ఫ్రీలాన్సర్ డాట్ కామ్ చూడొచ్చు, హక్కుల ఒప్పందం మాత్రం విడిగా పెట్టుకోవాలి. నియమాలు, ఫీజులు సైట్లు మారుస్తూ ఉంటాయి కాబట్టి డబ్బు జమ చేసే రోజున ఆ పేజీ మళ్లీ ఒకసారి చదవండి. నా యాప్‌లో దశాంశాల పాఠాలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ డెవలపర్‌తోనే మాట్లాడుతున్నాను. మొదటి మైల్‌స్టోన్ వివరణ రాశాను: 0.5 అని కొట్టినా, 0.50 అని కొట్టినా ఒప్పు అని చూపాలి.